చావిడి ముందు సైకిలు

సైకిలు తొక్కడం నేర్పకముందే సైకిలు దిగడం నేర్పాడు మా నాయన. వేళాకోళం కాదు, నిజం. చావిడి కనపడంగానే బ్రేకు వెయ్యాలి, కాలు వెనక్కి తిప్పి దిగాలి, హ్యాండిలు పట్టుకుని నడవాలి. ఊరి చివర గానుగ దాటినాక మళ్లీ ఎక్కాలి. మాది ఊరికి ఆవలున్న పల్లె. నరసరావుపేట పోవాలన్నా చిలకలూరిపేట పోవాలన్నా ఊరి మధ్య నుంచే దారి. ఆ దారిలో చావిడి, చావిడి అరుగు మీద పెద్దోళ్లు. వాళ్ల ముందు మా పల్లెవాడు సైకిలు మీద కూర్చుని పోగూడదు. ఎవడు రాశాడు ఈ చట్టం అంటే ఎవడూ రాయలేదు. రాసుంటే చించి పారేసేవాణ్ని.

మా నాయన మిషను బడి పంతులు. ఆ అరుగు మీద కూర్చుని చుట్ట తాగేవాళ్ల పిల్లల్లో కొందరికి ఓనమాలు దిద్దించిన చెయ్యి ఆయనది. అయినా దిగాల్సిందే. పిల్లలేమో పంతులుగారూ అని దణ్ణం పెట్టేవాళ్లు, వాళ్ల నాయన్లేమో ఏరా పంతులా అనేవాళ్లు. ఈ రెండూ ఒకే నోటితో ఎట్టా మింగాడో ఆయనకే తెలియాలి.

అరవైల్లో సంగతి ఇది. సాగర్ కాలవలు తవ్వుతున్న రోజులు. నేను టీచరు ట్రైనింగు ముగించుకుని ఇంటికొచ్చాను. క్రిస్మస్ సెలవులు అయిపోంగానే మాచర్ల పక్క ఒక బళ్లో చేరాలి. ఒకరోజు మా నాయన, ఇన్నేళ్లనుంచీ పిల్లలకి బంగాళాఖాతం గురించి చెప్తున్నాను గానీ కళ్లతో చూడలేదురా అన్నాడు. పోయొద్దాం పద అన్నాను. ఆయన సైకిలు ఆయనకి ఉంది. నా కోసం చిలకలూరిపేటలో సాయిబు కొట్లో ఒకటి అద్దెకి తెచ్చాను. పర్చూరు మీదుగా చీరాల, ఓడరేవు, అక్కణ్నుంచి వేటపాలెం, రొంపేరు మడుగుల పక్కనుంచి ఇంకొల్లు మీదుగా వెనక్కి రావాలని దారి అనుకున్నాం. సముద్రం ఆయన పట్టు. నా పట్టు వేరే ఉంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు చావిడి ముందు మా నాయన దిగగూడదు. జీవితంలో ఒక్కసారన్నా సీటు మీద కూర్చుని ఆ అరుగు దాటాలి. నేను మాచర్ల పోయేలోపల అది చూడాలి.

కోడి కూసేటప్పుడు బయల్దేరాం. చలి, మంచు. చావిడి అరుగు ఖాళీ. ఒక కుక్క ముడుచుకుని పడుకోనుంది, అంతే. మా నాయన బ్రేకు వేశాడు, కాలు వెనక్కి తిప్పి దిగాడు, నడిచాడు. ఆ కుక్క ముందు. ఎవరున్నారని దిగావు అని అడిగితే అలవాటురా అన్నాడు. అంతే ఇంక, తెల్లారకముందే నా రోజు తగలబడింది.

చిలకలూరిపేట దాటేదాకా నేను మాట్లాడలేదు. దాటినాక మాట్లాడకుండా ఉండలేకపోయాను. సాయంత్రం దిగొద్దు నాయనా అని మొదలుపెట్టాను. ఆయన, రోడ్డు చూసి తొక్కు అన్నాడు. కంకర రోడ్డు, రెండు పక్కలా పత్తి, పొగాకు. మళ్లీ అడిగాను. రేపు నువ్వు మాచర్ల పోతావు, ఇక్కడ ఉండేది మనోళ్లు, వీళ్లు పనుల్లోకి పిలవటం మానేస్తే ఎవరు పెడతారు కూడు అన్నాడు. నిజమే. ఆ నిజం మీద కూడా నాకు ఒళ్లు మండింది. తప్పు చేసేవాళ్లు అరుగు మీద, లెక్కలు వేసుకుని భయపడేవాళ్లం మేమా?

పర్చూరు దాటినాక వచ్చింది అసలు బాధ. ప్రతి ఊళ్లోనూ రోడ్డు పక్కన ఎక్కడన్నా నలుగురు పెద్దమనుషులు కూర్చుని కనపడితే చాలు, మా నాయన దిగుతున్నాడు. అది మా ఊరు కాదు, ఆ మనుషులు మాకు తెలియరు. అయినా కాలు దానంతటదే వెనక్కి తిరిగేది. చీరాల అవతల సరుగుడు తోటల్లో ఒక చిన్న పల్లెటూరు. పాక ముందు ముసలోళ్లు వల బాగుచేసుకుంటూ కూర్చున్నారు. మా నాయన దిగి నడుస్తున్నాడు. వాళ్లలో ఒకాయన లేచొచ్చి, పంచరా మేస్టారూ అని అడిగి, వంగి టైరు నొక్కి చూశాడు. గాలి బాగానే ఉందే అని ఆశ్చర్యపోయాడు. చైను జారిందండీ అన్నాడు మా నాయన. ఆయన చైను కూడా చూశాడు పాపం. చైను దాని చోట అది ఉంది. మంచినీళ్లు తాగి పోండి అని ముంత తెచ్చాడు. తాగి బయల్దేరాం.

అక్కడ ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తోందని నేను చెప్పటంలేదు. వాళ్ల ఊళ్లో ఎవరు దిగాలో వాళ్లకి తెలిసే ఉంటుంది. మేం ఎవరమో తెలియదు కాబట్టి మేస్టారూ అన్నారు. ఆ తెలియకపోవటమే మాకు దొరికిన మర్యాద. దాన్ని కూడా వాడుకోవటం చేతకాక చైను జారిందని అబద్ధమాడాడు మా నాయన, జన్మలో అబద్ధమాడని మనిషి.

ఓడరేవులో సముద్రం చూశాడు. తర్వాత నీళ్లంచున తడి ఇసక గట్టిగా ఉందని కాలితో తట్టి చూసి, సైకిలెక్కాడు. పంచె పైకి కట్టి, అలల పక్కనే తొక్కుకుంటూ పోయాడు. చానా దూరం పోయి, తిరిగి, బెల్లు కొట్టుకుంటూ వచ్చి, మళ్లీ పోయాడు. ఒక్కసారి కూడా దిగలేదు. చిన్నపిల్లాడి మాదిరి నవ్వుతున్నాడు. నాకు సంతోషం కలగాలి గదా. కలగలేదు. మా నాయన దిగకుండా సైకిలు తొక్కటానికి భూమి అయిపోయిన చోటుదాకా రావాల్సి వచ్చింది.

వచ్చేటప్పుడు రొంపేరు పక్కన గట్టు మీద దారి. రెండువైపులా నీళ్లు, తుంగ, బురద. కొంగలు, బాతులు, పేరు తెలియని పక్షులు గుంపులు గుంపులు. మనుషులెవ్వరూ లేరు కాబట్టి ఆయన హాయిగా తొక్కాడు. ప్రతి పక్షినీ చూపించి, పిల్లలకి చెప్పాలి, చెప్పాలి అంటూ వచ్చాడు. గట్టు దిగేముందు నేను సైకిలు ఆపి ఆఖరుసారి అడిగాను. నువ్వు దిగినా నేను దిగను, తెల్సుకో అన్నాను. ఆయన నా మొహం చూశాడు. పొద్దు గుంకుతుంది, పద అన్నాడు.

మసక చీకట్లో ఊళ్లోకి వచ్చాం. చావిడి ముందు చలిమంట వేసుకున్నారు. అరుగు నిండా ఉన్నారు. మా నాయన ముందు పోతున్నాడు. తొక్కు నాయనా, తొక్కు అని లోపల అనుకుంటున్నాను. చావిడి వచ్చింది. ఆయన కాలు వెనక్కి తిరిగింది. దిగాడు. సముద్రం దాకా పోయొచ్చి, మళ్లీ దిగాడు.

నేను దిగలేదు. దాటి పోనూ లేదు. సరిగ్గా మంటకి ఎదురుగా ఆపి, ఒక కాలు నేల మీద ఆనించి, సీటు మీదే కూర్చున్నాను. అరుగు మీద పెద్దాయన, తన కూతురికి మా నాయన చేత ఎక్కాలు చెప్పించుకున్న మనిషే, చుట్ట తీసి నన్ను కాదు, మా నాయన్ని అడిగాడు.

"ఏరా పంతులా, నీ కొడుకు దిగడంట్రా?"

మా నాయన తల వంచుకునే ఉన్నాడు. చెయ్యి హ్యాండిలు మీద ఉంది.

"దిగడండీ. ఇద్దరికీ కలిపి నేను దిగాను గదండీ."

మంటలో పత్తికట్టె చిటపటలాడుతోంది. పెద్దాయన చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. మా నాయన నా పక్కకొచ్చి, వెనక క్యారియరు మీద చెయ్యి వేసి, పద అన్నాడు. నేను తొక్కాను. ఆయన నడిచాడు. ఆయన నడకకి తగ్గట్టు తొక్కాలంటే సైకిలు నిలవదు, ఊగుతుంది. ఊగినప్పుడల్లా ఆయన చెయ్యే పట్టి నిలబెట్టింది. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాను.

మా వాళ్లని పనులకి పిలవటం మానలేదు. ఆ ఊళ్లో తర్వాత నేను సైకిలు దిగలేదు, నన్నెవరూ దిగమనలేదు. మా నాయన మాత్రం సైకిలు తొక్కినన్నాళ్లూ అక్కడ దిగాడు. సెలవులకి నేనొచ్చినప్పుడల్లా చూసేవాణ్ని. నేను లేని రోజుల్లో కూడా దిగుతూనే ఉన్నాడని మా అమ్మ చెప్పేది. నా వంతు కూడా దిగుతున్నాడు అనుకునేవాణ్ని. వాళ్ల మీద కోపం ఎప్పుడో ఒకప్పుడు చల్లారుద్దేమో. ఇద్దరికీ కలిపి దిగానన్నందుకు మా నాయన మీద కోపం మాత్రం చల్లారదు. ఆ మాట నీడలోనే నేను ఇన్నేళ్లూ సీటు మీద కూర్చున్నాను.