తోరణానికి కొట్టిన మేకు

పిల్లలూ, దూరాన ఉన్న మీకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. విజయనగరంలో మన మేడ మీది గదులను మీ చిన్నాన్నకు వేరే వాటాగా మార్చాం. గ్యాసు సిలిండరు మెట్ల కింద పెట్టి, రాగి పైపును గోడలోంచి పై వంటింటికి తీశారు.

"మామ్మా, గుమ్మం పక్క నుంచే పైపెల్తన్నాది. అక్కడ మేకులు కొట్టకండి," అని పనివాడు మరీ మరీ చెప్పాడు.

పాలు పొంగించే రోజు ఉదయం ఆ మాటే మరిచిపోయాను. మామిడి తోరణం కట్టడానికి నేనే మేకు కొట్టాను. మీ పిన్ని స్టూలు పట్టుకుంది.

ముహూర్తానికి చిన్నాన్న కింద సిలిండరు వాల్వు తిప్పాడు. గుమ్మంలో నిలబడ్డ నాకు గుప్పున గ్యాసు వాసన కొట్టింది. లోపల పిన్ని అగ్గిపుల్ల తీస్తోంది.

"ఒలే, గీయకే!" ఎన్నడూ లేనంత గట్టిగా అరిచాను.

"ముహూర్తం దాటిపోతాది అత్తా!"

"దాటిపోనీ! ఒరే, సిలిండరు కట్టేయిరా!"

తలుపులన్నీ తెరిచి అందరం వీధిలో నిలబడ్డాం. పనివాడు వచ్చి, పైపులో దిగిన మేకు చూసి, "ఎవులు కొట్టేరమ్మా?" అన్నాడు.

పిన్ని నా వైపు చూడకుండా, "ఏటో, హడావుడిలో ఎవులో కొట్టేరు," అంది.

పాలు మర్నాడు పొంగాయి. మేకు కొట్టింది నేనని పిన్ని ఇప్పటికీ ఎవరితోనూ అనలేదు. అందుకే నేనే చెబుతున్నాను.