పక్కింటి టీచరమ్మ, నా పాత ల్యాప్‌టాప్

మా టీచరమ్మ ఇక లేదు. మొన్న పొద్దున డిచ్‌పల్లి నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసి, "అక్క పోయిందమ్మా, నిద్రలనే పోయింది" అంది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేకపోయాను. బోధన్‌లో ఆమెకూ మాకూ మధ్య ఒక్క గోడే. నిజామాబాద్‌కు మారి వచ్చాక కూడా ఏ వస్తువు చెడిపోయినా ముందు ఆమెకే ఫోన్ చేసేదాన్ని. ఇప్పుడు నన్నెవరు తిడతారు?

తిట్లంటే ఆమెవే. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. గడప తొక్కిన వాళ్లంతా ఆమెకు ఇంకా తొమ్మిదో తరగతి పిల్లలే. చాయ్‌లో తీపి ఎక్కువైతే, "షుగర్ ఫ్యాక్టరీ ఊర్ల ఉన్నదని గింత పోస్తవా?" అని కసిరేది. గ్లాసు మాత్రం ఖాళీ చేసేది.

అప్పుడు మా ఆయన దుబాయ్‌లో ఉన్నాడు. ఆయన వెళ్లాకే పాప పుట్టింది. తన గదిలో ఉండే దోస్తు వాడి పారేసిన ల్యాప్‌టాప్‌ను ఊరికొస్తున్న మనిషి చేతికిచ్చి పంపాడు. శుక్రవారం సెలవు, ఆ రోజు పాపను తెర మీద చూపించమని ఒకటే పోరు. పాప పాకడం కూడా నేర్చింది, కన్నతండ్రి ఇంకా దాని ముఖం చూడలేదు. నాకు నెట్ సెంటర్లో నలుగురి ముందు మాట్లాడాలంటే సిగ్గు.

ఆ ల్యాప్‌టాప్‌లో పాత సిస్టం పాడైతే టీచరమ్మే సీడీ తెచ్చి లైనక్స్ అనే వేరే సిస్టం ఎక్కించింది. "ముసలిదానికి తేలికైన తిండే పెట్టాలె" అని నవ్వింది. నెట్ ఆమె ఇంట్లోని వైఫై పెట్టె నుంచే గోడ దాటి మాకు రావాలి. ల్యాప్‌టాప్‌కు నెట్ వైరు గుచ్చే చోటు విరిగిపోయింది, ఇక వైఫై ఒక్కటే దిక్కు. ఆ వైఫై కార్డేమో సిస్టంకు కనపడదు.

లోపల ఏమేం ఉన్నాయో చూపించే కమాండు కొట్టి, కళ్లజోడు సవరించుకుని హాజరు తీసుకున్నట్టు చదివేది. "సౌండు ఉన్నది. కెమెరా ఉన్నది. వైఫై లేదు." నేను కంగారుపడి, వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్, ఆ డ్రైవర్ మళ్లీ ఎక్కించమని అడిగితే కోప్పడేది. "బడికే రానోనికి పాఠం ఎట్ల చెప్తవే? ముందు వాడు ఎందుకు రాలేదో సూడాలె." శుక్రవారాలు గడిచిపోతున్నాయి. ఫోన్లో ఆయన "పోనీలే" అన్నప్పుడల్లా పాప చెవికి ఫోన్ పెట్టేదాన్ని.

ఒక శుక్రవారం పొద్దున్నే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇయ్యాల నేను ముట్ట. నువ్వు రోజూ ఎట్ల తెరుస్తవో మొదటి నుంచి గట్లనే చెయ్యి. నేను సూస్త."

టీవీకి, మిక్సీకి కుట్టినట్టే ల్యాప్‌టాప్‌కూ దుమ్ము పడకుండా మఖ్మల్ గలీబు కుట్టాను, అంచుకు లేసు వేసి మరీ. వచ్చిన రోజే తొడిగాను. దాన్ని లాగబోతే, "ఆగు ఆగు!" అని అరిచింది. లేసు దారం ల్యాప్‌టాప్ ముందు అంచున ఉన్న చిన్న మీటకు చిక్కుకుని ఉంది. నల్లటి అంచులో నల్లటి మీట, మాకెవరికీ కంటబడలేదు. వైఫైని ఆపేసే స్విచ్ అదే! గలీబు లాగినప్పుడల్లా దారం దాన్ని ఆపు వైపుకు ఈడ్చేస్తోందన్నమాట. టీచరమ్మ దారం విడదీసి, మీటను గోటితో పక్కకు జరిపింది. చిన్న లైటు వెలిగింది. మళ్లీ కమాండు కొట్టి, "వచ్చిండే! వైఫై వచ్చిండు!" అని బల్ల మీద చరిచింది. ఆ వెంటనే గలీబు ఎత్తిపట్టి, "రాణిగారి దిండుకు గూడ గింత లేసుండదు గదే!" అంది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం.

ఆ మధ్యాహ్నం తెర మీద ఆయన కనపడ్డాడు. పాపను చూసి తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. పాపేమో కెమెరా వైపు చూడదు. టీచరమ్మ నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుని దాని గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది.

కాస్త తేరుకున్నాక ఆయన, "టీచరమ్మా, మీరు గూడ కనపడుండ్రి" అన్నాడు.

"నన్నేం సూస్తవయ్యా, నీ బిడ్డను సూడు" అని ఇంకాస్త పక్కకు జరిగింది.

నిన్న ఆమె చెల్లెలు మళ్లీ ఫోన్ చేసి, దండ వేయడానికి అక్క ఫొటో ఒక్కటీ దొరకలేదు, మీ దగ్గరుందా అని అడిగింది. ఇల్లంతా వెతికాను. ఆ శుక్రవారం మా ఆయన తెర మీది బొమ్మను ఫొటోగా దాచుకున్నాడు, అదొక్కటే దొరికింది. అందులో మా పాప నవ్వుతోంది. దాని గడ్డం కింద నరాలు తేలిన ఒక చెయ్యి, మణికట్టుకు నల్లబెల్టు వాచీ. అంతవరకే.