ముక్కాయన మూగబోయిన రోజు

ఎక్స్‌ప్రెస్ టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి కంప్యూటరు మీట నొక్కాడు. పెట్టెలో ఫ్యాను తిరగడం మొదలైంది. డిస్కు కాసేపు కిరకిరలాడి సర్దుకుంది. ఇక ముక్కాయన పలకరించాలి. పలకరించలేదు.

ముక్కాయన మనిషి కాదు. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే గొంతు. జలుబు చేసినవాడిలా ముక్కుతో మాట్లాడుతుందని అక్క ఆ పేరు పెట్టింది. చూపు లేని తమ్ముడికి అదే తెర, అదే కాగితం. అతను దాన్ని ఎంత వేగంగా నడిపిస్తాడంటే, పక్కనున్నవాళ్లకు రేకు మీద ఇసుక పోసినట్టు వినిపిస్తుంది తప్ప ఒక్క మాట అర్థం కాదు. ఆసుపత్రుల డాక్టర్లు నోటితో చెప్పి రికార్డు చేసి పంపే రోగుల వివరాలను వినడం, టైపు చేయడం, ముక్కాయన చేత చదివించుకుని తప్పులు దిద్దడం అతని పని. పని పంపే ఆఫీసుకు అందరికన్నా ముందు తిరిగొచ్చే ఫైలు ఇతనిదే. అందుకే అక్కడివాళ్లు ఎక్స్‌ప్రెస్ అన్నారు. ఆ పేరే ఇంటిదాకా వచ్చి స్థిరపడిపోయింది.

"అక్కా, ఒకసారి రా. తెర మీద ఏముందో చెప్పు."

ముందు గదిలో కుట్టుమిషను ఆగింది. అక్క మెడలో టేపుతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏ తెర మీద చూడమంటావురా? ఉంటేగా!"

నిజమే. ఈ కంప్యూటరుకు తెర లేదు. కళ్లు లేనివాడికి కరెంటు దండగ అని నవ్వుతూ, ఉన్నదాన్ని కింద మందుల షాపాయనకు ఇచ్చేసింది ఇతనే. ఆయన దాన్ని దుకాణంలో కెమెరాకు తగిలించుకున్నాడు.

అక్క మెట్లు దిగి వెళ్లి అడిగింది. ఆయనే తెర మోసుకొచ్చి తీగలు తగిలించాడు.

"ఎక్స్‌ప్రెస్ గారూ, ఈ పూట నా షాపులో దొంగ పడితే పాపం మీదే."

"నీ షాపులో ఏమెత్తుకుపోతాడన్నయ్యా, దగ్గుమందా?" అంది అక్క.

"దగ్గుమందే ఎక్కువ పోతుందమ్మా, నీకు తెలీదు," అని ఆయన గబగబా దిగిపోయాడు.

తమ్ముడికి నవ్వు రాలేదు. చేతివేళ్లు మీటల మీద ఆనించి కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు."

"కొండలున్నాయి. ముందు నీళ్లు. బాగుందిరా బొమ్మ. ఇన్నేళ్లూ దీని ముందే కూర్చున్నావు నువ్వు."

"అక్కా."

"సరేలే, కోప్పడకు. మధ్యలో ఒక డబ్బా ఉంది. అప్‌డేట్లు పూర్తయ్యాయి అని రాశాడు."

అతనికి విషయం తెలిసింది. రాత్రి ఆపేటప్పుడు పెట్టె చాలాసేపు ఆరిపోకుండా గొణుక్కుంది. ఆ అప్‌డేటే పాత గొంతును బయటికి గెంటేసి ఉంటుంది. దీనికి మందు అతనికి తెలుసు. సిస్టమ్ రీస్టోర్ అని ఒక ఏర్పాటుంది. కంప్యూటరు తన నిన్నమొన్నటి స్థితిని అప్పుడప్పుడూ నకలు తీసి దాచుకుంటుంది. ఏదైనా చెడితే ఆ నకలు దగ్గరికి వెనక్కి నడిపించవచ్చు. ఇదివరకు ఒకసారి ఇలాగే జరిగితే ముక్కాయన ఊరెళ్లి వచ్చినవాడిలా తిరిగొచ్చాడు. అందుకే అతను మొదట అంత భయపడలేదు.

మీటలు అతను నొక్కుతుంటే అక్క ఇంగ్లిషు కూడబలుక్కుంటూ చదివింది. రీస్టోర్ తెరుచుకుంది. తెరుచుకున్నదే కాని, "పాయింట్లు చూపించలేకపోతున్నాము" అని ఒక ముక్క చెప్పి ఊరుకుంది. పాయింట్లంటే ఆ దాచుకున్న నకళ్లే. మళ్లీ తెరిచారు. మళ్లీ అదే మాట. కంప్యూటరును ఆపి, మరీ అవసరమైన సరంజామాతో మాత్రమే లేచేలా లేపి చూశారు. అక్కడా అదే.

మరమ్మతు అబ్బాయికి ఫోన్ చేశాడు.

"ఫార్మాట్ కొట్టేద్దాం సార్. కొత్త బండిలా పరిగెడుతుంది."

"గొంతు పోతుందిగా బాబూ?"

"గొంతులకేం సార్, నెట్‌లో కుప్పలు. మంచి ఆడగొంతు వేసిస్తాను."

ఫోన్ పెట్టేశాడు. ముక్కాయనను తయారుచేసిన కంపెనీ మూతపడి చాలాకాలమైంది. కొత్తగా ఎక్కించాలంటే ఆ కంపెనీ అనుమతి కావాలి, ఇవ్వడానికి అక్కడ ఎవరూ లేరు. డిస్కు తుడిచేస్తే ఆ గొంతు ప్రపంచంలో మరెక్కడా దొరకదు. అది లేకపోతే వేగం లేదు. వేగం లేకపోతే ఆఫీసుకు ఇతనితో పనేముంది?

ఇలాంటిది అతనికి ఒకసారి అయింది. చదువుకునే వయసులో జ్వరం వచ్చి చూపు తీసుకుపోయాక, ఒక మిల్లులో టెలిఫోను ఆపరేటరుగా చేరాడు. దగ్గు విని మనిషిని పోల్చుకునేవాడు. "నమస్కారం సార్, అమ్మాయికి తగ్గిందా?" అని తనే ముందు అడిగేవాడు. తర్వాత మిల్లువాళ్లు, ఫలానా విభాగానికి ఫలానా అంకె నొక్కండి అని చెప్పే యంత్రం పెట్టించారు. అతను ఇంటికి వచ్చి మూలన ఆనించిన గొడుగులా చాన్నాళ్లు కూర్చుండిపోయాడు. పిలిస్తే పలికేవాడు, అంతే. ఆ రోజులు అతనికన్నా అక్కకే బాగా గుర్తు. ముక్కాయన వచ్చాకే ఇంట్లో మళ్లీ పోట్లాటలు మొదలయ్యాయి.

"నకళ్లు తీసే సర్వీసు ఒకటుంటుంది అక్కా. దాన్ని లేపుదాం," అన్నాడు.

పొడుగాటి పట్టీలో వెతికి పట్టుకున్నారు.

"లేచిందిరా!" అంది అక్క సంబరంగా. అంతలోనే, "అయ్యో, మళ్లీ పడుకుంది," అంది.

"ఇంకోసారి."

"లేచింది... పడుకుంది. నీలాగే ఉంది దీని వరస, ఆదివారం పూట."

అతను పెదవి కొరుక్కున్నాడు. ఫోన్ మోగింది. ఆఫీసు మేడమ్.

"ఎక్స్‌ప్రెస్ గారూ, పొద్దుట్నుంచీ ఒక్కటీ రాలేదే? సాయంత్రానికి మొత్తం కావాలి. మీరున్నారనే కదా ధైర్యంగా ఒప్పుకున్నాను."

"చిన్న ఇబ్బంది మేడమ్. చూస్తున్నాను."

"మీకూ ఇబ్బందులుంటాయా!" అని ఆవిడ నవ్వి పెట్టేసింది. ఆ నవ్వు మంచిదే. అయినా అతని చెవిలో గుచ్చుకుంది.

"ఒరే, మూలన గంటబొమ్మ ఉంది. దాని పక్కన ఏవో చాలా పోగయ్యాయి. చదవనా?" అంది అక్క.

"చదువు."

"డిస్కు నిండుతోంది. డిస్కు నిండుతోంది. డిస్కు దాదాపు నిండింది. ఇదీ అదే. ఇదీ అదేరా. చలికాలం నుంచీ ఇదే పాట. నీకు చెప్పలేదా ఆయన?"

చెప్పలేదు. చెప్పొద్దన్నది ఇతనే. పని మధ్యలో అవీ ఇవీ చదివి వేగం చెడగొడుతున్నాడని, గంట మోగినా నోరెత్తొద్దని ముక్కాయనకు ఏనాడో కట్టడి చేశాడు. చూపున్నవాడికైతే ఆ డబ్బా కంటికి అడ్డం పడి విసిగించేది. ఇక్కడ లేని తెర మీద వచ్చి, లేని తెర మీదే పోయింది. చోటు చాలక కంప్యూటరు నకళ్లు తీయడం మానేసింది.

"దేనితో నిండిందిరా ఇంత? ఉత్త అక్షరాలేగా నీవి?"

అక్కే వెతికింది.

"ఇదేంటి, పెద్ద డాక్టరమ్మ అని ఉంది? లోపలన్నీ మాటల ఫైళ్లే."

టైపు చేసి పంపాక డాక్టర్ల మాటలు చెరిపేయాలని ఆఫీసు నియమం. మిగతా డాక్టర్లు గోడకు చెప్పినట్టు చెప్పి పెట్టేసేవారు. పెద్ద డాక్టరమ్మ మాత్రం మధ్యలో ఆగి, "బాబూ, ఆ పై మాట కొట్టెయ్, తప్పు నాదే. టీ తాగావా ఇంతకీ?" అనేది. అతన్ని ఎన్నడూ చూసింది లేదు. ఒకనాటి నుంచి ఆమె ఫైళ్లు రావడం ఆగిపోయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఆమెవి చెరపలేక మొదలుపెట్టి, తర్వాత ఎవరివీ చెరపడం మానేశాడు.

"నియమం తప్పానక్కా," అన్నాడు మెల్లగా.

"సర్లే. ఇప్పుడేం చేద్దాం?"

"చోటు చేస్తే ఆ సర్వీసు నిలబడొచ్చు. పాత నకలు ఒక్కటి మిగిలున్నా ముక్కాయన వచ్చేస్తాడు."

"ఆ డాక్టరమ్మవి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుందామా? కిందాయన దగ్గర ఉంటుంది."

"వద్దు. అందులో రోగుల పేర్లున్నాయి, రోగాలున్నాయి. ఊరి మీదికి పోకూడదు."

"మరి ఒక్కసారి వింటావా?"

అతను తల అడ్డంగా ఊపాడు. వింటే చెరపలేడు. మీట ఎక్కడుందో వేళ్లకు తెలుసు. నొక్కాడు. "పూర్తిగా తొలగించాలా అంటోంది," అంది అక్క. ఊ అని నొక్కాడు. డిస్కు చాలాసేపు కిరకిరలాడింది. అంతసేపూ అక్క చేయి అతని భుజం మీదే ఉంది.

ఈసారి సర్వీసు లేచి నిలబడింది. రీస్టోర్ మారాం చేయకుండా తెరుచుకుంది. అతను కుర్చీలో ముందుకు జరిగాడు.

"చదువక్కా, తారీకులు చదువు."

అక్క చదవలేదు.

"అక్కా?"

"పట్టీ వచ్చిందిరా. ఖాళీగా ఉంది. పాయింట్లు ఏమీ లేవు అంటోంది."

బాగుపడింది. ఇక రేపటి నుంచి ప్రతి మార్పునూ దాచుకుంటుంది. చోటు కోసం పాత నకళ్లను ఎప్పుడో తనే చెరిపేసుకుంది కాబట్టి నిన్నటిని మాత్రం ఇవ్వలేదు. అతను చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. మిల్లు పని పోయినప్పుడూ ఇలాగే కూర్చున్నాడని అక్కకు గుర్తొచ్చింది.

"ఒరే, ఆ కుర్రాడు చెప్పిన ఆడగొంతే పెట్టిద్దాం. లేదంటే నేనే చదువుతాను. బట్టలు ఆగితే ఆగుతాయి."

"నువ్వు చదివితే సంవత్సరానికి ఒక ఫైలు అవుతుంది," అన్నాడు. తర్వాత, "ఇందులోనే ఒక గొంతుంటుంది. అది తెరువు," అన్నాడు.

తెరిచింది. శుభ్రమైన గొంతు, బ్యాంకు కౌంటరులో అమ్మాయిలా మర్యాదగా, నెమ్మదిగా. వేగం పెంచాడు. పెంచేకొద్దీ మాటలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దయ్యాయి. తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. చివరికి అక్కకు కూడా అర్థమయ్యే వేగం దగ్గర ఆగాడు.

మేడమ్‌కు ఫోన్ చేశాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, డాక్టరమ్మ ఫైళ్ల సంగతితో సహా. ఇవాళ మొత్తం ఇవ్వలేనని, ఇకమీద కూడా మునుపటిలా ఇవ్వలేనేమోనని చెప్పాడు.

"చెప్పి మంచిపని చేశారు. అయినంత పంపండి. మిగిలినవి వేరేవాళ్లకు సర్దుతాను," అంది ఆవిడ. "గారూ" అనడం మరిచిపోయింది.

సాయంత్రం దాకా టైపు చేశాడు. ఒక్కో వాక్యం రెండుసార్లు వినాల్సివచ్చింది. పంపేసరికి మెడ పట్టేసింది. మామూలుగా ఇతను పంపిన మరుక్షణం కొత్త ఫైలు వచ్చి పడుతుంది. ఈసారి రాలేదు. మెయిలు పెట్టె తెరిచి చదివించాడు. కాసేపాగి మళ్లీ చదివించాడు.

"కొత్త సందేశాలు లేవు," అంది ఆ గొంతు, ప్రతి అక్షరం విడమరిచి.

ముందు గదిలో మిషను తొక్కుతున్న అక్కకు ఆ మాట స్పష్టంగా వినిపించింది. ఆమె కాళ్లు ఆగిపోయాయి.

"తొక్కక్కా, ఆపకు," అన్నాడు తమ్ముడు లోపలి నుంచి. "నేనిక్కడే ఉన్నాలే."