సూది గుర్తులపై పెనుకొండ వాదన

ధర్మవరంలో ఒక నేత సంఘం తరఫున పట్టుచీరలను పరీక్షించి చేనేత ముద్ర వేయడం ముప్పై ఏళ్లపాటు నా ఉద్యోగం. ముద్ర వేసిన ప్రతి చీరకూ నా నోటుపుస్తకంలో ఒక వరుస ఉంది: నేసినవారు, అంచు రంగు, నా కంటబడిన లోపాలు. విరమణ తరువాత కూడా ఆ పుస్తకాలను పారేయలేదు.

హిందూపురం దుకాణదారు ఒకరు, మేమిద్దరమూ ఉన్న వాట్సాప్ గ్రూపులో చీర అంచు ఫొటో పెట్టి, “ఇది మరమగ్గం చీర. ముద్ర వేసిన పెద్దమనిషి కండ్లు యాడ పెట్టుకున్యాడో” అని రాశాడు. చేమగ్గం మీద బట్ట ముడుచుకోకుండా సూదిమొనల కర్రను రెండంచులకూ గుచ్చి సాగదీసి ఉంచుతారు. ఆ సూదుల గుర్తులు అంచుల్లో మిగులుతాయి. ఫొటోలో అవి లేవు. గ్రూపంతా నవ్వు బొమ్మలతో నిండిపోయింది.

నేను మూడు పేజీల సమాధానం పంపాను. “ఏమప్పా, ఇంత పొడుగు రాస్తే ఎవురు సదువుతారు?” అని ఒకరు అడిగారు. నేను అనని మాటలకు దుకాణదారు జవాబులు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఈలోగా ఆ చీర నేసిన ఆమెకు సంఘం నూలు ఆపేసింది. ఆమె మా ఇంటికి వచ్చి, “నా సేతుల్తో నేసినానని నువ్వే సెప్పల్ల సార్” అంది.

నాకు కావలసింది న్యాయం ఒక్కటే అంటే అబద్ధమవుతుంది. అతడు తలవంచుకోవడం నేను కళ్లారా చూడాలి.

అతడి సందేశాలన్నిటినీ సమయంతో సహా పుస్తకంలోకి ఎక్కించాను. ఆ తరువాత గ్రూపులోనే సవాలు చేశాను: ఇద్దరి ఊళ్లకూ మధ్యలో ఉన్న పెనుకొండలో, మా ఇద్దరికీ తెలిసిన విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలి ఎదుట వాదన. ఫోన్లు ఆమె బల్ల మీద ఉండాలి. ఒకరు మాట్లాడేటప్పుడు మరొకరు నోరు మెదపకూడదు. ఎదుటివాడి వాదాన్ని అతడు ఒప్పుకునేట్టు తిరిగి చెప్పిన తరువాతే జవాబివ్వాలి. ప్రతి పేజీ కింద ఇద్దరూ సంతకం చేయాలి.

“వస్తాలే అన్నా, నీ పుస్తకాల మూట గూడా తెచ్చుకో” అన్నాడు. తెచ్చుకున్నాను.

నా మొదటి వాదాన్ని అతడు రెండుసార్లు తప్పుగా చెప్పాడు. రెండుసార్లూ “కాదు” అన్నాను. మూడోసారి నా మాటలనే వరుస తప్పకుండా తన నోటితో పలికాడు. అంత తీపి మాట ఈ మధ్యకాలంలో నేను వినలేదు. ఇక నేను ప్రశ్నలడిగే వంతు వచ్చింది.

“చీర నీ అంగడికొచ్చినాక ఏం చేయించినావు?”

“అందురూ చేయించేదే. పాలిష్. మెరుపు లేకుంటే ఎవురు కొంటారు?”

“పాలిష్ పట్టినాక సూది గుర్తులు ఏమైతాయి?”

అతడు ఫోన్ల వైపు చూశాడు. అవి అందేంత దూరంలో లేవు.

“పూడిపోతాయి” అన్నాడు.

“నీ ఫొటో పాలిష్‌కు ముందుదా, తర్వాతదా?”

“తర్వాతది.”

“గట్టిగా చెప్పప్పా, రాసుకుంటాండా” అన్నారు మేడమ్.

నలభై రోజులు గ్రూపులో తేలనిది పావుగంటలో తేలింది. సంతకం పెట్టేటప్పుడు అతడి తల వంగింది. నేను తొందరపెట్టలేదు.

మరునాడు అతడు పాత సందేశాన్ని తొలగించి, “ఏదో పొరపాటు జరిగినాది, మర్సిపోదాం” అని రాశాడు. నింద వేసినప్పుడు అందరూ చూడాలి, తేలినప్పుడు మాత్రం అందరూ మరిచిపోవాలి! తొలగించిన సందేశం నా పుస్తకంలో భద్రంగా ఉంది. ఆ పేజీనీ, అతడి సంతకమున్న పేజీనీ ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాను.

మేడమ్ ఫోన్ చేశారు. “గెలిచినావు కదన్నా, ఇంగ వదిలెయ్.”

“నలభై దినాలు ఆయప్ప వదిలినాడా మేడమ్?” అన్నాను.

సంఘం ఆ చీర నేసిన ఆమెకు మళ్లీ నూలు ఇచ్చింది. ఆ రెండు పేజీలకూ నకళ్లు తీయించి ఆమెకిచ్చాను. మగ్గం గుంతలో కూర్చుంటే కళ్లకు ఎదురుగా ఉండేట్టు గోడకు అంటించుకుంది. సంతకం చిరగకుండా దాని మీద టేపు నేనే వేశాను.