లోపలి అర్ర వంతు

మేం ముగ్గురం కిరాయికి ఉండే ఇల్లు వరంగల్ స్టేషన్ వెనుక గల్లీల, మేడ మీద. రెండు అర్రలు, ఒక వంటిల్లు. బయటి అర్రకు కిటికీ ఉంది. రైలు పోతాంటే ఆ కిటికీ తలుపు సన్నగ వణుకుతది. కండ్లు మూసుకొని ఇంటే నేనూ ఎటో పోతున్నట్టే ఉంటది. తెల్లారి లేసి పోయేది మాత్రం కర్రీ పాయింటుకే, కూరలు వండెతందుకు. మిరపకాయ పోపు పొగ మింగీ మింగీ నా గొంతు బొంగురుపోయింది. మంచిగ మాట్లాడినా కొట్లాడినట్టే ఉంటదంటరు.

మిగిలిన ఇద్దరు నా బిడ్డల ఈడోళ్లు. ఒకామె దవాఖానల నర్సు. ఇంకొకామె చీరల దుకాణంల పని చేస్తది. ఇద్దరూ నన్ను పెద్దమ్మా అంటరు. కిరాయి, కరెంటు, గ్యాసు మూడు పాళ్లు. బోళ్లు తోముడు, ఊడ్చుడు, నల్లా వచ్చిన పొద్దు నీళ్లు పట్టుడు అన్నీ వంతులు. నర్సుపిల్ల ఆదివారం చర్చికి పోతది కాబట్టి ఆ పొద్దు ఆమెకు పని లేదు. బతుకమ్మ దినాలల్ల మా ఇద్దరి పని ఆమె చేస్తది. లోపలి అర్రల ఒక్కరికే జాగ. అది వారానికొకరికి. మిగిలిన ఇద్దరు బయటి అర్రల చాపలు పక్కపక్కన ఏసుకుంటరు.

నాకు బయటి అర్రనే ఇష్టం. ఎందుకంటే అక్కడ పండుకుంటే ఒక్కో వారం ఆయన మాట్లాడుతడు.

మా ఆయన పోయి ఏండ్లయింది. తొర్రూరు దిక్కు పత్తి మూటలు లారీలకెత్తే పని చేసేటోడు. ఇప్పుడు కలల వస్తడు. చేను ఒడ్డు మీద కూసుంటడు. చుట్టూ పత్తి తెల్లగ విచ్చుకొని ఉంటది. ఎండ కొడుతది గని కాలదు. చాయ తాగుతవా అని అడుగుత. తాగుత అంటడు. కాళ్లు నొస్తున్నయా అంటే, ఇప్పుడు లేదు అంటడు. బతికినన్నాళ్లు నోరు ఇప్పని మనిషికి పోయినంక మాటలొచ్చినయని నాకు సంబురం. లోపలి అర్రల పండుకున్న వారం కూడ వస్తడు గని ఉలకడు పలకడు. ఆ అర్ర ఆయనకు నచ్చలేదేమో అనుకున్న.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చి గుమ్మం కాడ చెప్పులు విడుస్తున్న. లోపల పిల్లలిద్దరు మాట్లాడుకుంటాండ్రు. ఆ వారం లోపలి అర్ర చీరల దుకాణం పిల్లది. నర్సుపిల్ల ఆమెతోని అంటాంది, "సరే, నీ అర్ర నేను తీసుకుంట. పెద్దమ్మ పక్కన నువ్వే పండుకో. నీ నీళ్ల వంతు నేను పడ్త."

నిద్రల మాట్లాడుతనని నాకు ఎరుకే, చిన్నప్పుడు మా అమ్మ చెప్పేది. నా పక్కన పండుకునుడు కూడ బోళ్లు తోముడు లెక్క ఒక పనయిందన్నమాట. ఒకరి మీద ఒకరు నూకుకుంటాండ్రు.

ఆ రోజు సంది చాప తీసుకపోయి వంటింట్ల గ్యాసు సిలిండర్ పక్కన ఏసిన. బండ చల్లగుంటదని చెప్పిన. అక్కడ కూడ ఆయన వచ్చిండు. చాయ తాగుతవా అంటే అటు తిరిగి కూసున్నడు.

నల్లా వచ్చిన పొద్దు ముగ్గురం డ్రమ్ము కాడ ఉన్నం. వేరే జాగ చూసుకుంట, మీరు సప్పుడు లేకుండ పండుకునేటోళ్లను తెచ్చుకోండ్రి అన్న. ఇద్దరూ ముఖాలు చూసుకున్నరు. నర్సుపిల్ల దాచలే. నా మాటలకు తనకు నిద్ర పట్టదని, నైట్ డ్యూటీ చేసొచ్చిన వారం పాణం పోతదని చెప్పింది. "గని నేనడగలే పెద్దమ్మా. నీ పక్కన పండుకుంటనని ఇదే నా ఎంబడి పడ్డది."

చీరల దుకాణం పిల్ల పైపు పట్టుకొని తల వంచింది. ఎందుకే అన్న.

"మొదాలు భయమైంది పెద్దమ్మా. చాయ తాగుతవా, తాగుతవా అని ఊకె అడుగుతానవ్. ఆపుతవని తాగుత అన్న. నిద్రల్నే నవ్వినవ్. అప్పటిసంది నువ్వడుగుడు, నేను చెప్పుడు."

"వంటింట్లకు పోయిన కదా. ఇగ నీకు మంచిగ నిద్ర పట్టాలె."

"పడ్తలేదు. నిద్రల నీ గొంతు ఇట్లుండదు, సన్నగుంటది. నన్నెవరు అడుగుతరు అట్ల?"

డ్రమ్ము నిండి నీళ్లు మెట్ల మీదికి పోతున్నయి. ఎవ్వరం నల్లా కట్టలే. కింది ఇంటామె ఒర్రితే తెలిసింది.

ఆ పొద్దంత కూర కలుపుతాంటే ఒక్కటే మనసుల మెదిలింది. కాళ్లు నొస్తలేవని చెప్పింది ఆయన కాదు. ఇన్ని రోజులు ఆయనకు నొప్పి పోయిందనే ధైర్యంతోని ఉన్న. ఆయన ఇంకోసారి పోయినట్టయింది నాకు.

వంతులు మార్చుకున్నం. లోపలి అర్ర ఇగ నర్సుపిల్లకే. బదులు మా ఇద్దరి నీళ్ల వంతు ఆమెదే. నా చాప ఎక్కడ అన్న ముచ్చట మాత్రం ఎవరూ తియ్యలే.

ఆదివారం పగటీలి నేనూ చీరల దుకాణం పిల్లా కిటికీ కాడ బియ్యంల రాళ్లు ఏరుతున్నం. చేతులాపకుండనే అడిగింది, "ఇగ పలకొద్దా పెద్దమ్మా?"

ఒక రాయి ఏరి కిటికీ అవతల పడేసిన.

"పలుకు. గని ఆయన గన్ని మాటలు మాట్లాడడు బిడ్డా. చాయ తాగుతవా అంటే తాగుత అనడు."

"మరేమంటడు?"

"ఊఁ అంటడు."

ఆ పిల్ల ఒకసారి అని చూసింది.

"గంత గట్టిగ కాదు," అన్న. "అటు తిరిగి అనాలె."