ముసుగు తియ్యని చుట్టం

మా అమ్మ లొరెట్టా చలి గురించి మాట్లాడేది కాదు. మాట్లాడితే దానికి అలుసైపోతామని ఆవిడ నమ్మకం. న్యూఫౌండ్‌లాండ్ దక్షిణపు ఒడ్డున ఉన్న మా ఈడర్ కోవ్‌లో అక్టోబరు నుంచి మే దాకా మాట్లాడుకోవడానికి చలి తప్ప ఇంకేమీ ఉండదు. అందువల్ల అమ్మకి మితభాషి అని పేరొచ్చింది.

ఆవిడ పుట్టిల్లు అఖాతం లోపలి వైపు, కొండల చాటున, గాలి తగలని చోట ఉండేది. పెళ్ళి చేసుకుని మా ఊరొచ్చిన రోజున మా నాయనమ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "ఈ పిల్ల ఒక్క చలికాలం దాటదు" అందట. ఆ ఫిబ్రవరిలో నాయనమ్మే పోయింది. అమ్మ ఆ మాట ఎన్నడూ దెప్పలేదు. శ్మశానానికి దారి చెయ్యడానికి మంచు తవ్వినవాళ్ళలో తనూ ఉన్నానని మాత్రం అప్పుడప్పుడూ చెప్పేది.

ఆకులు రాలకముందే ఇంటి చుట్టూ పునాది పొడుగునా ఫర్ చెట్ల కొమ్మలు పేర్పించేది, కింద నుంచి గాలి దూరకుండా. కిటికీ సందుల్లో పాత మేజోళ్ళు కుక్కేది. బంగాళాదుంపలు, క్యాబేజీలు నేలమాళిగలోకి వెళ్ళేవి. ఉప్పు మాంసం పీపా వెనక వరండాలోకి వచ్చేది. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని ఉన్ని చేతితొడుగులు అల్లడం మొదలుపెట్టేది. మా ఇంట్లో అందరికీ, పక్కింటి సిరిల్ బాబాయికి కూడా.

ఇక్కడ బాబాయి సంగతి చెప్పాలి. నాన్న ఆంబ్రోస్, ఆయన తమ్ముడు సిరిల్, ఇద్దరి ఇళ్ళకీ మధ్య ఒకటే కంచె. ఇద్దరూ తొమ్మిదేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. ఒక చలికాలం బాబాయి నాన్న దగ్గర డాలీ అనే ఆడ గుర్రాన్ని అడిగి తీసుకెళ్ళాడు, అడవి నుంచి కట్టెలు లాక్కురావడానికి. గడ్డకట్టిన చెరువు మీదుగా వస్తుంటే మంచుగడ్డ విరిగి డాలీ మునిగిపోయింది. బాబాయి ఒక్కడే ఇంటికొచ్చాడు. గుర్రం కోసం అన్నదమ్ములు విడిపోయారని ఊరంతా అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

బాబాయి పెళ్ళి చేసుకోలేదు. వండుకోవడం రాదు. కాబట్టి అమ్మ రోజూ మధ్యాహ్నం ఒక పళ్ళెం కంచె మీదుగా పంపేది. పట్టుకెళ్ళేది నేను. నాన్న ఆ పళ్ళేన్ని చూసేవాడు కాదు. ఒకసారి మాత్రం, "ఆ కనపడని పళ్ళెంలో మాంసం తక్కువైనట్టుందే" అన్నాడు. అమ్మ ఇంకో ముక్క వేసింది. నాన్న మళ్ళీ పేపరు చదువుకున్నాడు.

నాకు ఇరవై ఏళ్ళొచ్చిన సంవత్సరం జరిగింది ఇది. మా ఊరికి కరెంటు వచ్చి అప్పటికి ఏడాదే. క్రిస్మస్ బాగానే గడిచింది. అర్ధరాత్రి ప్రార్థనలో అన్నదమ్ములిద్దరూ ఒకే బెంచీ మీద ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చుని, ఒకే పాట వేర్వేరు వేగాల్లో పాడారు. ఆ మర్నాడు సాయంత్రం ముసుగువాళ్ళు వచ్చారు.

క్రిస్మస్ తర్వాత పన్నెండు రోజులూ మావాళ్ళు వేషాలు కట్టి ఇళ్ళు తిరుగుతారు. మగవాళ్ళు గౌన్లు, ఆడవాళ్ళు చేపల పడవ మీద వేసుకునే నీళ్ళు దిగని కోట్లు, ముఖం మీద ఏదో ఒక గుడ్డ. గొంతు తెలియకుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడతారు. ఇంటివాళ్ళు ఎవరో కనిపెట్టాలి. కనిపెడితే ముసుగు తీసి, కేకు తిని, రమ్ము తాగి పోతారు. కనిపెట్టలేకపోతే తియ్యక్కర్లేదు. ఇదే పద్ధతి.

ఆ సాయంత్రం ముగ్గురు వచ్చారు. ఇద్దరు టోబిన్ అక్కచెల్లెళ్ళని అమ్మ గుమ్మంలోనే కనిపెట్టేసింది. "నవ్వాపుకోలేనిదానివి ముసుగెందుకు కట్టావే?" అంది. వాళ్ళు కేకు తిని, గాలి ముదురుతోందని త్వరగా వెళ్ళిపోయారు. మూడోది పొడుగ్గా, పూల గౌను కింద దిండు కట్టుకుని, తల మీద దిండు గలీబు వేసుకుని, కళ్ళ దగ్గర రెండు కన్నాలతో నిలబడింది. కాళ్ళకి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. చేతులకి అమ్మ అల్లిన తొడుగులు.

ఆ పూల గౌను అమ్మదే. నేను నోరు తెరిచాను. అమ్మ నా కాలు తొక్కింది. మూసుకున్నాను.

నాన్న కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు చూశాడు.

"పీటర్ నాష్‌వా?" అన్నాడు.

ముసుగు తల అడ్డంగా ఊపింది.

"పోస్టాఫీసు మోనికానా?"

మళ్ళీ అడ్డంగా.

"అయితే ఫాదర్ అయ్యుంటారు. దండాలు ఫాదర్."

మా చర్చి ఫాదరు పొట్టిగా, పీపాలా ఉంటారు. "అంత దూరం ఆలోచించక్కర్లేదేమో," అంది అమ్మ. "కాస్త దగ్గర్లో చూడు."

"దగ్గర్లో నాకెవరూ తెలీదు," అన్నాడు నాన్న. "లొరెట్టా, ఇదెవరో నాకు తట్టడం లేదు."

ముసుగు వెనక్కి తిరిగి తలుపు దగ్గరికెళ్ళింది. తలుపు తెరిచింది. బయట ఏమీ లేదు. మెట్లు లేవు, కంచె లేదు, ఇల్లు లేదు. తెల్లగా ఒక మంచు గోడ అరుస్తోంది. ఇంటికీ పశువుల కొట్టానికీ మధ్య దారి తప్పి పోయిన మనుషులు మా ఊళ్ళో ఉన్నారు. అమ్మ గౌను వెనక పట్టుకుని ముసుగుని లోపలికి లాగి, భుజంతో తలుపు మూసింది.

"ఎవరైనా సరే, ఇందులోకి పోవడానికి వీల్లేదు. కూర్చో."

కూర్చుంది. కాసేపటికి కరెంటు పోయింది. కిరసనాయిలు దీపం వెలిగించాం. నాన్న దీపం వెలుతురులో ముసుగుని మరోసారి పరీక్షగా చూసి, "వితంతువు హేనెసీనా?" అని అడిగాడు.

మర్నాడంతా తుఫాను ఆగలేదు. వంటింటి కిటికీలు మంచుతో మూసుకుపోయాయి. ముసుగు మాత్రం తీయలేదు. తీస్తే నాన్న పొమ్మంటాడేమోనని బాబాయి భయం. కనిపెడితే మాట్లాడాల్సి వస్తుందని నాన్న భయం. ముసుగు గోడ వైపు తిరిగి, గలీబు కొంచెం ఎత్తి, టీ తాగింది. అలాగే ఉప్పు చేపా బంగాళాదుంపలూ తింది. నాన్న మర్యాదగా ఆ వైపు చూడలేదు.

"చుట్టానికి ఇంకొంచెం వడ్డించు," అన్నాడు. "పాపం, ఇంట్లో ఎవరున్నారో ఏమో."

"కోడి ఉంది," అంది ముసుగు, ఊపిరి లోపలికి పీలుస్తూ.

"కోడికి మేత?"

"నిన్న వచ్చేముందు వేసొచ్చా."

"మంచిది," అన్నాడు నాన్న. అంతే. పేకముక్కలు తీసి ముగ్గురికీ పంచాడు, ముసుగుకి కూడా. ముసుగు గెలిచింది. "ఆడమనిషైనా బాగా ఆడుతోంది," అన్నాడు నాన్న నాతో.

అమ్మ కట్టెల స్టవ్ ముందు నిలబడి గరిటె తిప్పుతోంది. నేను దగ్గరికెళ్ళి గుసగుసగా అడిగాను. "ఇదంతా నీ పనేనా?"

"గౌను నాది, ఆలోచన నాది," అంది అమ్మ. "కనిపెడితే రమ్ము పొయ్యక తప్పదు. చేత్తో గ్లాసు ఇచ్చాక ముఖం తిప్పుకోవడం కష్టం. అదీ నా లెక్క. తుఫానుని నేను పిలవలేదు."

"ఇప్పుడేం చేస్తావు?"

"క్యాబేజీ ఉడికిస్తాను."

మూడో రోజు పొద్దున వంటింట్లోకి పొగ కమ్మింది. పైకప్పు మీద పొగగొట్టం చుట్టూ మంచు పేరుకుని మూతి మూసుకుపోయింది. స్టవ్ ఆపితే గంటలో ఇల్లు గడ్డకడుతుంది. ఆపకపోతే పొగకి మనుషులు పోతారు. అమ్మ దగ్గుతూ, "ఎవరో ఒకరు పైకెక్కండి," అంది.

నాన్న మేడ మీద కిటికీ తెరిచి, నడుముకి తాడు కట్టుకుని, చేతిలో పారతో పైకప్పు మీదికి పాకాడు. తాడు రెండో కొస పట్టుకునే బలం ఉన్నది ముసుగుకే. నాన్న ఆ తాడుని అందించే ముందు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత అందించాడు.

గాలి తగ్గింది గానీ పోలేదు. నాన్న గొట్టం మూతి దగ్గర మంచు కొట్టడం మాకు వినపడుతోంది. రెండు దెబ్బలు, మూడు దెబ్బలు, ఆ తర్వాత పెద్ద చప్పుడు. పైకప్పు మీదున్న మంచు మొత్తం ఒక్కసారిగా జారింది. దాంతో పాటు నాన్న కూడా. మా ఇల్లు ఆ వైపు కొండ అంచున ఉంది. కింద రాళ్ళు, వాటి కింద సముద్రం.

తాడు బిగిసింది. ముసుగు కిటికీ గట్టుకి వెళ్ళి కొట్టుకుంది. బూట్లు గోడకి తన్ని పట్టి వెనక్కి వాలింది. చేతితొడుగులు చిరిగి, తాడు చేతుల్లోంచి జారుతోంది. అమ్మ వెనకనుంచి గౌను పట్టుకుంది, నేను అమ్మని పట్టుకున్నాను. గౌను నడుము దగ్గర పరపరా చిరిగింది. దిండు ఊడి పడింది. ముసుగు లోపలి నుంచి మామూలు గొంతుతో, ఊపిరి బయటికి వదులుతూ, పెద్ద కేక వినపడింది.

"అన్నా! కాలు ఆనించు! ఎడమ పక్క మేకుంది, దాని మీద కాలు ఆనించు!"

కాలు ఆనింది. కాసేపటికి నాన్న తల కిటికీలో కనపడింది. కనుబొమలు మంచుతో తెల్లగా ఉన్నాయి. లోపలికి పడ్డాడు. పొగగొట్టం మాత్రం శుభ్రమైంది. కింద స్టవ్ గట్టిగా మండుతున్న శబ్దం వినపడుతోంది.

నాన్నని దుప్పటి చుట్టి స్టవ్ పక్కన కూర్చోబెట్టాం. ముసుగు ఎదురుగా కూర్చుంది, అరచేతుల్లో రక్తం. అమ్మ వెచ్చటి నీళ్ళు తెచ్చి ఆ చేతులు కడిగి, వెన్న రాసి, గుడ్డ చుట్టింది. గలీబు జోలికి పోలేదు. నాన్న దుప్పట్లోంచి చెయ్యి చాపి స్టవ్‌లో ఒక కట్టె వేశాడు.

"నువ్వెవరో నాకు తెలీదు," అన్నాడు.

"తెలీదు," అంది ముసుగు.

"తెలీదు కాబట్టి ఒక మాట అడుగుతాను. నాకొక తమ్ముడున్నాడు. నా గుర్రం చెరువులో పడ్డప్పుడు తాడు తెగిపోయిందని చెప్పాడు. చివరిదాకా పట్టుకున్నాను, తెగిపోయింది అన్నాడు. మంచు కరిగాక గుర్రాన్ని ఒడ్డుకి లాగాం. మెడకున్న తాడు నిక్షేపంలా ఉంది. కొసన నేను వేసిన ముడి కూడా అలాగే ఉంది."

నేను అమ్మ వైపు చూశాను. ఆవిడకి ఈ తాడు సంగతి తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు.

"గుర్రం పోయినందుకు కాదు," అన్నాడు నాన్న. "గుర్రాలు పోతాయి. వాడు నా ముఖం చూసి అబద్ధం ఎందుకు చెప్పాడు? అది నీకు తెలుసా?"

ముసుగు తన అరచేతుల వంక చూసుకుంది. ఊపిరి లోపలికి పీల్చడం మర్చిపోయింది.

"వాడు వదిలేశాడు," అంది. "నడుం దాకా నీళ్ళలోకి లాగేసింది. పట్టుకుంటే తనూ పోతాడు. వదిలేశాడు. అది వాడి వంక చూస్తూ మునిగింది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఒకసారి తెగిందన్నాక మళ్ళీ తెగలేదని ఎలా చెప్పడం?"

"వదిలెయ్యడమే మంచి పని," అన్నాడు నాన్న.

"నీకెలా తెలుసు?"

"వదలకపోతే ఇవాళ ఆ తాడు కొస పట్టుకోవడానికి ఎవడున్నాడు?" నాన్న దుప్పటి సర్దుకుని అమ్మ వైపు తిరిగాడు. "లొరెట్టా, కనిపెట్టాను. ఇది మా సిరిల్."

"ఎంత తెలివి," అంది అమ్మ.

బాబాయి గలీబు తీశాడు. ముఖం చెమటతో, ఇంకా దేనితోనో తడిసి ఉంది. జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. అమ్మ బీరువాలోంచి రమ్ము తీసి నాన్న చేతికిచ్చింది. నాన్న పోసి తమ్ముడికి ఇచ్చాడు. గుడ్డ చుట్టిన రెండు చేతులతో బాబాయి గ్లాసు పట్టుకున్నాడు.

"నీ ముఖం ముసలైపోయిందిరా," అన్నాడు నాన్న.

"నీది రోజూ కంచె మీంచి చూస్తున్నాను. నాకేం కొత్తగా లేదు," అన్నాడు బాబాయి.

"ఆ గౌను నీకు బాగుందిరా."

"వదినది. నడుం బిగుతు."

"ఇప్పుడది ఎవరికీ పనికిరాదు," అంది అమ్మ. తర్వాత వెనక వరండాలోకి వెళ్ళి, ఉప్పు మాంసం తీసే నెపంతో చాలాసేపు అక్కడే ఉండిపోయింది. లోపలికొచ్చినప్పుడు ఆవిడ ముక్కు ఎర్రగా ఉంది. చలికి అంది. ఆవిడ నోట చలి అన్న మాట నేను విన్నది ఆ ఒక్కసారే.

నాలుగో రోజు గాలి పడిపోయింది. అన్నదమ్ములిద్దరూ మేడ కిటికీలోంచి దిగి, మా గుమ్మం నుంచి బాబాయి గుమ్మం దాకా మంచులో సందు తవ్వారు. సందు ఎటు తవ్వాలన్న దాని మీద రెండుసార్లు పోట్లాడుకున్నారు. కోడి బతికే ఉంది, కోపంగా ఉంది.

ఆ వసంతంలో ఇద్దరూ ఒకే పడవలో చేపలకి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు వాదన, వచ్చేటప్పుడు వాదన. బాబాయి మూడు పూటలా మా ఇంట్లోనే తినేవాడు, ఉప్పు తక్కువైందనేవాడు. అమ్మ ఒకరోజు గరిటె కింద పెట్టి, "వీళ్ళు మాట్లాడుకోనప్పుడు ఈ ఇంట్లో మన మాట మనకి వినపడేది," అంది. కానీ జూన్‌లో, తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి, తన పుట్టింటికి ఒక వారం వెళ్ళింది. నన్ను కూడా తీసుకెళ్ళింది. అన్నేళ్ళూ వెళ్ళకపోవడానికి కారణం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, ఇద్దరు మనుషులకి వేర్వేరుగా అన్నం పెట్టేవాళ్ళు ఇంకెవరున్నారు అనేదేమో.

మేం తిరిగొచ్చేసరికి ఇద్దరూ బతికే ఉన్నారు. వారం మొత్తం ఉడకబెట్టిన బంగాళాదుంపలు తిన్నారట. వంటింట్లో ఒక కొత్త బల్ల ఉంది. అమ్మకి ఆశ్చర్యం కలిగిద్దామని ఇద్దరూ కలిసి చేశారు. ఒక కాలు పొట్టి. ఆ కాలు కోసింది ఎవరన్న మాట మీద అన్నదమ్ములిద్దరూ ఆవిడ ముందే మొదలుపెట్టారు. అమ్మ టోపీ తీసి మేకుకి తగిలించింది. టీ పోసుకుని, ఆ బల్ల ముందు కూర్చుని, అది ఊగకుండా మోకాలు ఆనించి తాగింది.