మట్టి పుల్లబడ్డదని చెప్పిన టీచరమ్మ

గత ఆదివారం ప్రార్థన ముగిశాక, మా టీచరమ్మ పోయారని పాస్టరుగారు చెప్పారు. "ప్రశాంతంగా నిద్రించారు" అన్నారు. అలాగే పోయి ఉండవచ్చు. బతికినన్నాళ్లూ మాత్రం ఆమె ఎవరినీ ప్రశాంతంగా నిద్రపోనివ్వలేదు.

తొంభైల్లో పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనక బస్తీలో ఆమెది మా పక్కిల్లు. బడిలో మాకు సైన్సు చెప్పేవారు. ఊటీ నుంచి ఐరిస్ దుంపలు తెచ్చుకున్నప్పుడు, మన ఎండకు ఆ పూలు బతకవని అందరూ అన్నారు. "బతుకుడు నేర్పిస్త" అన్నారామె. గోడ నీడన నాటి, చలికాలానికి ఊదారంగు పూలు పూయించారు.

ఒక ఏడాది ఆకుల కొసలు మాడిపోయాయి. తవ్వి చూస్తే దుంపలు కుళ్లి ఉన్నాయి. ఆమె పెరటి బావినీళ్లు ఘాటుగా వాసన కొడుతున్నాయి. ఆ మట్టిని క్లాసుకు తెచ్చి, వాననీళ్లలో కలిపి, మా ముందే నీలం లిట్మస్ కాగితం ముంచారు. ఎర్రబడింది.

"మట్టి పుల్లబడ్డది. కొంచెం పులుపుకు ఐరిస్ ఓర్చుకుంటది, గింతకు ఓర్వదు. మనం తాగేది గూడ గీ నీళ్లే" అన్నారు.

బస్తీ వాగులోకి పైపులతో మురికినీళ్లు వదిలేది పక్క ఫ్యాక్టరీ. బడికి బెంచీలిచ్చిందీ అదే. హెడ్మాస్టరు కంగారుపడ్డారు. "మేడం, గా పాఠం జెర పక్కకు పెట్టుండ్రి."

"ఎర్రగ గావద్దని కాగితానికి చెప్పుండ్రి సార్."

తర్వాత ఫ్యాక్టరీ మనిషి ఆటోలో సున్నం బస్తాలు తెచ్చాడు, మట్టిలో కలిపితే పులుపు విరుగుతుందని.

"సున్నం సంగతి నాకెరుకే. ముందుగాల మీ నీళ్లు ఆపుండ్రి. ఆపినంక సున్నం నేనే కొనుక్కుంట" అని తిప్పి పంపారు.

మాడిన మొక్కలు పీకేయమని మా అమ్మ చెప్పింది. "ఉండనీ అక్కా. చూసినోళ్లు ఏమైందని అడుగుతరు గదా" అన్నారు. అడిగారు. అడిగినవాళ్లనల్లా బావి దగ్గరికి తీసుకెళ్లి కాగితం ముంచి చూపించారు. చివరికి బస్తీ అంతా కదిలి ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చుంది.

గెలిచామా అంటే, మంచినీళ్ల ట్యాంకర్లు వచ్చాయి. పైపు ఒకటి మూశారు. వాగు మాత్రం చాలాకాలం నురగ కక్కుతూనే ఉంది. ఆ నేలలో ఐరిస్ మళ్లీ పూయలేదు. కుండీల్లో పెట్టుకోమంటే, "నేల బాగుగావాలె. అందాక అడుగుతనే ఉంట" అనేవారు. అడిగారు కూడా, రిటైరయ్యాక కూడా.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆ గేటే కనిపిస్తోంది. "హటో అమ్మా, లారీ ఆ రహీ హై" అని వాచ్‌మన్ పక్కకు జరగమని బతిమాలుతున్నాడు. లారీలు హైవే దాకా ఆగి హారన్లు కొడుతున్నాయి. ఆమె నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒళ్లో మా పరీక్ష పేపర్లు పెట్టుకుని, తల కూడా ఎత్తకుండా దిద్దుతున్నారు.